నీరు తరలిపోయిన లోయ

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా వంటిది. కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు అంచున ఉన్న ఇన్యో కౌంటీలో 4,421 మీటర్ల విట్నీ శిఖరానికి 140 కిలోమీటర్ల లోపే, సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉన్న మృత్యులోయ పల్లం కనిపిస్తుంది.

పసిఫిక్ మేఘాలను సియెర్రా నెవాడా పర్వతాలు అడ్డగించడంవల్ల ఇక్కడ వర్షం అరుదు. కాని ఆ శిఖరాలపై కరిగిన మంచే ఓవెన్స్ నదియై లోయను తడిపేది. పూర్వం పయూట్ జాతివారు కాలువలు త్రవ్వి ఆ నీటితో దుంపమొక్కలను పెంచుకునేవారు. 1863లో సైన్యం వారిలో వందలాదిమందిని తరిమివేసింది. 1866లో కౌంటీ ఏర్పడింది. వలస వచ్చినవారు పొలాలు, తోటలు వేసుకున్నారు.

1905 నుండి లాస్ ఏంజెలిస్ నగరం ఇక్కడి భూములను, వాటితోపాటు నీటి హక్కులను కొనసాగింది. 1913లో దాదాపు 375 కిలోమీటర్ల కాలువ పూర్తయి, నది నీరు నగరానికి తరలింది. 1924లో ఆగ్రహించిన స్థానికులు ఆ కాలువను డైనమైటుతో పేల్చారు. అయినా ప్రవాహం ఆగలేదు. 1926 నాటికి ఓవెన్స్ సరస్సు దాదాపుగా ఎండిపోయింది. దాని అడుగునుండి లేచిన క్షారధూళి గ్రామాలను కమ్మివేసింది.

దీర్ఘకాల న్యాయపోరాటం ఫలితంగా 2006లో సుమారు 100 కిలోమీటర్ల నదీమార్గంలోకి నీరు తిరిగి విడుదలైంది. 2020 జనగణన ప్రకారం ఈ విశాల కౌంటీలో ఉన్నవారు 19,000 మంది మాత్రమే. లోయ నేలలో అధికభాగం నేటికీ ఆ దూరనగరం సొత్తే.