'నాట్‌విత్‌స్టాండింగ్' శబ్దార్థ విచారము

ఆంగ్లమున విరోధమును దెలుపు నవ్యయములలో 'నాట్‌విత్‌స్టాండింగ్' అను దాని నిఘంటువు చూచి 'విరుద్ధముగా' నని తెనిఁగించువారు కలరు. ఇది యర్థమును దలక్రిందు చేయును.

ఇందలి 'నాట్' నిషేధార్థకము. 'స్టాండింగ్' నిలుచుచున్న యని యర్థమిచ్చు శత్రర్థకము. చిక్కంతయు 'విత్' నందున్నది. నేఁడు దానికి 'తోడ' యని యర్థము. ప్రాచీనాంగ్లమున నా యర్థమునకు 'మిడ్' అను వేఱుపద ముండెడిది. 'విత్' అనఁగాఁ బ్రధానముగా 'ఎదురుగా' ననియే. 'మిడ్' నశింపఁగా దాని పని 'విత్' మీఁదఁ బడినది. మంత్రసానిని దెలుపు 'మిడ్‌వైఫ్' అను సమాసమున మాత్ర మా పాతమాట చిక్కియున్నది. 'విత్' యొక్క పూర్వార్థము 'విత్‌స్టాండ్' (ఎదిరించి నిలుచు) అను క్రియయందు నిలిచినది. కావున సమస్తపదమునకు 'ఎదురు నిలువక యుండఁగా' నని యర్థము. విరోధము కలదని కాదు, కలిగియు నడ్డము కాదని భావము.

ఇది పదునాల్గవ శతాబ్దమున లాటిను 'నాన్ ఆబ్‌స్టాంటే' ననుసరించి యేర్పడినది. సంస్కృతమున సతిసప్తమి చేయు పని వంటిదే యిది. నామము కర్త, ఇది దాని విశేషణము. అందుచేతనే నామమునకు ముందును వెనుకను గూడ నిలువఁగలదు. పిమ్మట నొంటిగాఁ గ్రియావిశేషణమైనది. 1611 నాఁటి బైబిలు అనువాదమున వాక్యాదియందిట్లు కానవచ్చును.

న్యాయశాస్త్రమున దీని చరిత్ర మఱింత రసవంతము. పదుమూఁడవ శతాబ్దమునఁ బోపుల శాసనములందలి యీ లాటినుమాటను మాథ్యూ పారిస్ అను చరిత్రకారుఁడు గర్హించెను. ఇంగ్లండు రాజులును దానిని జేపట్టి, చట్ట మెట్లున్నను దమవారికి మినహాయింపు లొసఁగిరి. 1686లో రెండవ జేమ్సు హేల్సు అను కాథలిక్కున కిచ్చిన యట్టి మినహాయింపును న్యాయాధిపతులు సమర్థించిరి. 1689 నాఁటి హక్కుల శాసనము, చట్టమే యనుమతించినఁ దప్ప, రాజునకా యధికారము లేకుండఁ జేసినది. మాట మాత్రము పోలేదు. శాసనసభల చేతికి వచ్చినది.

తెలుఁగువారికి సన్నిహితమైన యుదాహరణము 1973 నాఁటి 32వ సవరణచే భారత సంవిధానమునఁ జేర్చఁబడిన 371-డి అధికరణము. ఇప్పు డిది ఆంధ్రప్రదేశమునకును దెలంగాణమునకును వర్తించును. సంవిధానమందలి యితర నిబంధనలలో నేమున్నను ఈ యధికరణమే చెల్లునని దాని పదవ ఖండము. ఇచట 'విరుద్ధముగా' నన్నచో, అధికరణము సంవిధానవిరుద్ధమని యర్థము వచ్చి నవ్వులపాలగును! ఒంటిగా వచ్చినచోట 'తథాపి' చాలును. నామముతో వచ్చినచోటఁ జాలదు. తెలుఁగు వ్యాకర్తల యప్యర్థకమే యచటఁ దగినది: 'ఏమి యున్నప్పటికిని.'