మందిచ్చు చేయి

వైద్యుడు చీటి వ్రాసి యిచ్చును. మందుల దుకాణమువాడు సీసా కట్టి యిచ్చును. అర్ధరాత్రమున లేచి, దీపము వెలిగించి, మందు కొలిచి రోగి నోటి కందించునది మాత్రము ఇల్లాలే. ఈ పనికై నర్సులకు సంవత్సరములకొలది శిక్షణ మిత్తురు. మనకు నేర్పువారు లేరు. కావున ఆ శిక్షణలోని మొదటి పాఠములు కొన్నిటిని సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

మా యింట జరిగిన సంగతి యొకటి ముందుగా చెప్పెదము. ఒక రాత్రి మా చిన్నబిడ్డకు జ్వరము వచ్చెను. బిడ్డ తూకము 10 కిలోలు. పెద్దపిల్లవానికై తెచ్చిన పారాసిటమాల్ సిరపును 3 మిల్లీలీటర్లు పోయవచ్చునని వైద్యుడు లోగడ చెప్పియుండెను. నిద్రమత్తులో మా చేతికి చుక్కల మందు సీసా వచ్చినది. అందులోనుండియే 3 మిల్లీలీటర్లు కొలిచితిమి. మా అత్తగారు చూచి, “అమ్మాయీ, ఆ సీసా చిన్నదిగా నున్నదేమే? ముందు దానిమీద నేమున్నదో చదువు” అనిరి. చదివి నిర్ఘాంతపోతిమి.

లెక్క చూడుడు. ఆ సిరపు 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాముల మందు కలదు. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుననే 100 మిల్లీగ్రాములు కలదు. బిడ్డ తూకమున కిలో ఒక్కింటికి 10 మొదలు 15 మిల్లీగ్రాములవరకే యీయదగును. అనగా మా బిడ్డకు 150 మిల్లీగ్రాములకు మించరాదు. సిరపైనచో అది 3 మిల్లీలీటర్లు, చుక్కల మందైనచో ఒకటిన్నర మాత్రమే. మేము కొలిచినది సరిగా రెట్టింపు! అట్టి పొరపాటు దినమునకు నాలుగుమార్లు రెండు మూడు దినములు సాగినచో కాలేయము చెడు ప్రమాదము కలదు.

మింగిన మందు ఎచటికి పోవునో తెలిసినచో ఈ జాగ్రత్త యెందులకో బోధపడును. మాత్ర కడుపులో కరగి, ముఖ్యముగా చిన్నప్రేగులలో నెత్తురున కెక్కును. అచటినుండి ముందుగా కాలేయమునకు పోవును. కాలేయము దానిలో కొంత మార్చివేయగా మిగిలినది దేహమంతట వ్యాపించును. పిదప కాలేయము, మూత్రపిండములు దానిని క్రమముగా వెలికి పంపును. నెత్తురులోని పారాసిటమాల్ రెండు మూడు గంటలలో సగమగును. కనుకనే రెండు మోతాదులకు నడుమ నాలుగు నుండి ఆరు గంటల వ్యవధి యుండవలెనందురు. వృద్ధుల మూత్రపిండములు నెమ్మదిగా పనిచేయును గనుక కొన్ని మందులు వారి దేహమున నిలువయుండును. పడుచువారికి సరిపోవు మోతాదు వారికి అధికము కావచ్చును.

నర్సులు మందిచ్చునపుడు అయిదు సంగతులు సరిచూచుకొందురు: ఈ రోగియేనా, ఈ మందేనా, ఇంత మోతాదేనా, ఇచ్చు మార్గ మిదియేనా, వేళ యిదియేనా? సీసాపై చీటిని ముమ్మారు చదువుదురు: బయటికి తీయునపుడు, కొలుచునపుడు, మరల నుంచునపుడు. మా యింట ఆ రాత్రి మొదటి పఠనమే జరుగలేదు.

మధుమేహమునకై ఇంట ఇన్సులిన్ సూది వేయువారు మఱింత మెలకువతో నుండవలెను. మన దేశమున సీసాలలోని ఇన్సులిన్ మిల్లీలీటరునకు 40 యూనిట్లది యున్నది, 100 యూనిట్లదియు నున్నది. దేని సిరంజి దానికే. 100 యూనిట్ల మందును 40 గుర్తుల సిరంజితో తీసినచో రెండున్నర రెట్ల మోతాదు లోనికి పోవును. నెత్తురులో చక్కెర పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చును, ప్రాణమునకే ముప్పు రావచ్చును. సీసామీది అంకె, సిరంజిమీది అంకె ఒకటియేనా యని ప్రతిమారును చూడవలెను.

వేళ తప్పినను అపాయమే. మెథోట్రెక్సేట్ అను మందు కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధనల ఫలములలో నిది యొకటి. కొన్ని క్యాన్సరులకే గాక కీళ్ళవాతమునకును దీనిని వాడుదురు. కీళ్ళవాతమునకు వారమున కొక్కనాడే మింగవలెను. తక్కిన మాత్రలవలె దినదినము మింగి ప్రాణములు గోల్పోయిన వారున్నారు. ఇట్టి మాత్రలను వేఱొక డబ్బాలో నుంచి, డబ్బాపై వారము పేరు పెద్ద అక్షరములతో వ్రాయుట మేలు.

ఇక చిన్న నియమములు కొన్ని. వంటయింటి చెంచాలన్నియు నొక్క కొలతవి కావు. మందుతో వచ్చిన కొలతగిన్నెనో, సూదిలేని సిరంజినో వాడుడు. మెల్లమెల్లగా కరగునట్లు చేసిన మాత్రలను నూరరాదు. నూరినచో దినమంతటి మందు ఒక్కసారిగా నెత్తురున కెక్కును. జలుబు మాత్రలు పెక్కింట పారాసిటమాల్ కలిసియే యుండును; జ్వరపు మాత్రతోపాటు దానిని మింగినచో మోతాదు తెలియకయే పెరుగును. ఎఱ్ఱగీత గల మాత్రలపట్టీని వైద్యుని చీటి లేక వాడరాదు. ఒకరికి వ్రాసిన మందు వేఱొకరికి పెట్టరాదు. ఏ మందు ఏ గంటకు ఇచ్చితిరో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. లేనిచో తల్లి యిచ్చిన మందునే అమ్మమ్మయు మరల నిచ్చును. పొరపాటు జరిగినదని తోచినచో దాచక, సీసాతో సహా వెంటనే వైద్యునియొద్దకు పోవలెను.

ప్రేమతో ఇచ్చిన మందైనను కొలత తప్పినచో హాని చేయక మానదు. నాటినుండి మా యింట మందుల అలమర ప్రక్కనే అత్తగారి కళ్ళజోడు వ్రేలాడుచుండును. చీటి చదువక సీసామూత తీయువారు మా యింట నిప్పుడు లేరు.