మీకు తెలుసా? బ్లూరే మెనూ ఒక జంక్షన్

కాజీపేట వైపు నుంచి వచ్చిన పట్టాలు డోర్నకల్ దగ్గర రెండు దారులవుతాయి. ఒకటి ఖమ్మం మీదుగా విజయవాడకు పోతుంది. రెండోది కారేపల్లి మీదుగా భద్రాచలం రోడ్డు స్టేషన్‌కు, అంటే కొత్తగూడేనికి. ఏ బండి ఎటు పోవాలో చూసి పాయింట్లు మార్చాలి. మార్చకపోతే కొత్తగూడెం టికెట్టు కొన్నవాళ్లు ఖమ్మంలో దిగాలి.

బ్లూరే డిస్కులో మెనూ చేసేది ఈ పాయింట్ల పనే. సినిమా చూస్తారా, పాటలా, మేకింగ్ వీడియోనా? మాటలు ఏ భాషలో కావాలి? మనం బటన్ నొక్కితే అటు పంపుతుంది.

డిస్కును కంప్యూటర్లో పెట్టగానే మెనూ రాకుండా సినిమా మొదలైపోతే డిస్కు పాడైందనుకుంటాం. తప్పు డిస్కుది కాకపోవచ్చు. చాలా ప్లేయర్లకు మెనూ నడపడం రాదు. ఎంపీవీ అనే ఉచిత ప్లేయర్‌నే చూడండి. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే డిస్కులో అన్నిటికన్నా ఎక్కువ నిడివి ఉన్న వీడియో ఏదో చూసి దాన్నే ఆడిస్తుంది. మెయిన్ లైను పట్టుకుని జంక్షన్‌లో ఆగకుండా పోయే బండి లాంటిదన్నమాట.

మెనూ నడపడం అంత కష్టమా? కష్టమే. డీవీడీ మెనూకు కొన్ని చిన్న చిన్న ఆదేశాలు సరిపోయేవి. 2006లో మార్కెట్లోకి వచ్చిన బ్లూరేకు రెండు రకాల మెనూలున్నాయి. హెచ్‌డీఎంవీ అనేది డీవీడీ పద్ధతికి అన్నలాంటిది. బీడీ-జే అలా కాదు, అందులో మెనూ అంటే జావా భాషలో రాసిన పూర్తి స్థాయి ప్రోగ్రామ్. డిస్కులోనే ఆటలు ఆడుకోవడం, ఇంటర్నెట్ నుంచి కొత్త ట్రైలర్ తెచ్చుకోవడం, ఇవి ఆ జావా చలవే. కాబట్టి బీడీ-జే మెనూ చూపించాలనుకునే ప్లేయర్ బొమ్మనూ శబ్దాన్నీ విప్పితే చాలదు, తన కడుపులో ఒక జావా యంత్రాన్ని కూడా నడపాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొన్ని డిస్కుల్లో దొంగ వరుసలు ఉంటాయి. ఏ వీడియో ముక్క తర్వాత ఏది రావాలో చెప్పే ఎంపీఎల్ఎస్ ఫైళ్లను వందల కొద్దీ పెడతారు, నిడివి అన్నిటికీ ఇంచుమించు ఒకటే. వాటిలో అసలుది ఏదో మెనూ ప్రోగ్రామ్‌కే తెలుసు. కాపీ చేసేవాళ్లను తికమక పెట్టడానికి వేసిన ఎత్తు ఇది. మెనూ రాని ప్లేయర్ వీటిలో ఏదో ఒకటి ఎంచుకుంటుంది, క్లైమాక్స్ సీను ఇంటర్వెల్ కన్నా ముందే వచ్చేస్తుంది! డిస్కు కొనుక్కున్న ప్రేక్షకుడికి ఇది అన్యాయమని నా అభిప్రాయం.

మెనూ నడపగలిగే ఉచిత ప్లేయర్ కూడా ఉంది. మన కంప్యూటర్లలో కనిపించే నారింజ రంగు ట్రాఫిక్ కోన్, అదే వీఎల్‌సీ, 1996లో ఫ్రాన్స్‌లోని ఎకోల్ సెంట్రల్ పారిస్ విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది. 2001లో అందరికీ స్వేచ్ఛగా ఇచ్చేశారు. 2012 నాటి 2.0 వెర్షన్‌లో బ్లూరేకు ప్రయోగాత్మకంగా చోటిచ్చారు. జావా మెనూలు మాత్రం 2018 ఫిబ్రవరిలో వచ్చిన 3.0తోనే సాధ్యమయ్యాయి. ఆరేళ్లు! దీని వెనక ఉన్నది లిబ్‌బ్లూరే అనే కోడు. పైసా అడగకుండా పంచిపెట్టే ఆ కోడు రాసినవాళ్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వీఎల్‌సీలో మెనూ రాకపోతే రెండు చూడండి. కంప్యూటర్లో జావా ఉందా? 64 బిట్ వీఎల్‌సీకి 64 బిట్ జావాయే కావాలి, 32 బిట్‌ది ఉన్నా లేనట్టే. ఇక ‘ఓపెన్ డిస్క్’ పెట్టెలో ‘నో డిస్క్ మెనూస్’ దగ్గర టిక్కు ఉంటే తీసేయండి.

ఇంకా రాకపోతే అడ్డం తాళం కావచ్చు. దుకాణంలో అమ్మే బ్లూరే సినిమాలకు సాధారణంగా ఏఏసీఎస్ అనే తాళం వేసి ఉంటుంది, దాని చెవులు వీఎల్‌సీతో పాటు రావు. పవర్‌డీవీడీ లాంటి ప్లేయర్లు లైసెన్సు కట్టి ఆ చెవులు తెచ్చుకుంటాయి, అందుకే వాటికి డబ్బు పెట్టాలి.

ఇంత మంచి ప్లేయర్ అయిన వీఎల్‌సీ సైటు మన దేశంలో 2022 ఫిబ్రవరి నుంచి కొన్ని నెలల పాటు తెరుచుకోలేదు. ఎందుకు ఆపారో జనానికి చెప్పలేదు. వీఎల్‌సీ వాడేవాళ్లలో పదో వంతు భారతీయులేనని దాన్ని తయారుచేసే సంస్థ అధ్యక్షుడు జాన్ బాప్టిస్ట్ కెంఫ్ అప్పట్లో అన్నారు. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో లీగల్ నోటీసు వెళ్లాక నవంబర్‌లో సైటు మళ్లీ తెరుచుకుంది.

తెలుగువాళ్లకు సంబంధించిన ముక్క ఒకటి మిగిలింది. హెచ్‌డీఎంవీ మెనూలో బటన్లు అక్షరాలు కావు, బొమ్మలు. బ్లూరే సబ్‌టైటిళ్లు కూడా మామూలుగా బొమ్మలే. వత్తులు, గుణింతాలు విడిపోతాయన్న బెంగ అక్కర్లేదు. ఫాంటు లేని ప్లేయర్‌లో కూడా ‘క్ష్మీ’ చక్కగా కుదురుతుంది. తెలుగు సినిమా డిస్కు పెట్టగానే ‘సినిమా మొదలుపెట్టు’, ‘పాటలు’, ‘సన్నివేశాలు’ అని మన లిపిలో కనిపించాలని నాకు ఎంతో ఆశ. చేయాలనుకుంటే పద్ధతి 2006 నుంచీ ఆ డిస్కులోనే ఉంది.