ఫేర్‌పోర్టు కన్వెన్షన్ - లండనులోని యొక గాయకబృందము

లండను నగరపు ఉత్తరభాగమున మజ్వెల్ హిల్ అను పేట కలదు. దానిని ఆనుకొనియున్న ఫోర్టిస్ గ్రీనులో ఒక పెద్దయిల్లుండెను. ఆ యింటిపేరు ఫేర్‌పోర్టు. పూర్వము అందొక వైద్యుడు కాపురముండి రోగులను చూచుచుండెను. ఆయన మరణానంతరము ఆ యింటి గదులను అద్దెకిచ్చిరి. అట్లు గది తీసికొన్నవారిలో ఆష్లే హచింగ్సు అను యువకు డొకడు. వైద్యుని కుమారుడగు సైమన్ నికోలు గిటారు వాయించువాడు. వీరిరువురును రిచర్డు థామ్సను అను మరియొక చిన్నవానిని కూర్చుకొని ఆ యింటనే సాధన చేయసాగిరి. తాము కూడుకొనుటకు చోటిచ్చిన యింటిపేరునే 1967 లో తమ బృందమునకు పెట్టుకొనిరి. కన్వెన్షన్ అనగా సమావేశము. మన విద్యార్థులు దీనిని ఉజ్జీవసభ యనుకొనకుందురుగాక!

ఆ సంవత్సరము మే నెల 27 వ తేదిని గోల్డర్సు గ్రీనులోని పరిశుద్ధ మిఖాయేలు దేవాలయపు హాలులో వారి మొదటి కచేరి జరిగెను. నాటికి నికోలునకు పదునారేండ్లు, థామ్సనునకు పదునెనిమిది, అందరిలో పెద్దవాడగు హచింగ్సునకు ఇరువదిరెండు. ప్రేక్షకులలో కూర్చుండియున్న మార్టిన్ లాంబుల్ అను పదునేడేండ్ల బాలుడు, ఆనాడు డ్రమ్ములు వాయించిన వానికంటె తాను బాగుగ వాయింపగలనని వారితో చెప్పి, వాయించి చూపి, ఆ స్థానమును సంపాదించెను. థామ్సను అప్పుడు దేవాలయముల కిటికీలలో మనము చూచునట్టి రంగుటద్దముల పని నేర్చుకొనుచుండెను. తొలిదినములలో పాడిన జూడీ డైబిల్ గ్రంథాలయమున పని చేయుచు, కచేరి నడుమ తన పాట లేనప్పుడు వేదికపైననే కూర్చుండి ఉన్ని అల్లుచుండెడిదట. కాలమును వ్యర్థపుచ్చని ఆ పిల్లను మన కుట్టుపని ఉపాధ్యాయినులు మెచ్చుకొందురని తలచెదను.

వీరు మొదట పాడినవి ఎక్కువగా అమెరికా పాటలే. జానపదగేయములను, లేక ఆ ఫక్కిలో వ్రాసిన క్రొత్తపాటలను, విద్యుత్తుతో మ్రోగు గిటారులతోను డ్రమ్ములతోను పాడు పద్ధతికి ఫోక్ రాక్ అని పేరు. 1965 లో లాస్ ఏంజెలెస్ నగరపు బర్డ్సు అను బృందము బాబ్ డిలన్ పాటనొకదానిని ఇట్లు పాడి మిగుల ప్రసిద్ధి గాంచెను. లండను పిల్లలును ఆ త్రోవనే పోయిరి. పాడినది చక్కగనే పాడిరి, కాని ఆ పాటలలోని ఊళ్లును, త్రోవలును వారు కన్నులార చూచినవి కావు.

1968 లో జూడీ స్థానమున శాండీ డెన్నీ అను గాయని చేరినది. ఈమె మొదట ఆసుపత్రిలో నర్సు పనికి శిక్షణ పొంది, పిదప పాటకు మరలినది. ఇంగ్లండు పల్లెపాటలు ఆమెకు కంఠపాఠముగా వచ్చును. ఆ దేశమునందు ఇట్టి పాటలను తరతరములుగా వాద్యములు లేకయే ఒంటిగొంతుతో పాడుకొనెడివారు. మన బుర్రకథకువలె తంబురాయైనను డక్కీయైనను తోడుండవు. ఓడవాని వెదకుచు సముద్రముపై వెడలిన యువతి కథయగు 'ఎ సెయిలర్స్ లైఫ్' అను పాటను శాండీ కచేరికి ముందు పాడుకొనుచుండగా తక్కినవారు మెల్లమెల్లగా తమ వాద్యములను కలిపిరి. తరువాత డేవ్ స్వార్బ్రిక్ అను పేరొందిన ఫిడేలు విద్వాంసుని పిలిపించి, పదకొండు నిమిషములకు పైబడిన ఆ పాటను ఒకే తూరి వాయించి రికార్డు చేసిరి. త్రోవ మరలినది ఇచ్చటనే.

ఆ రికార్డు ఇంకను వెలువడలేదు. 1969 మే 12 వ తేది తెల్లవారుజామున, బర్మింగుహాములో కచేరి ముగించుకొని లండనునకు తిరిగివచ్చుచుండగా, ఎం-1 అను రాజమార్గమున వారి వాహనము త్రోవతప్పి దొర్లిపడెను. పందొమ్మిదేండ్ల మార్టిన్ లాంబులును, థామ్సను స్నేహితురాలగు జీనీ ఫ్రాంక్లినును మరణించిరి. హచింగ్సు ముఖమునకు తీవ్రమైన గాయములు తగిలెను. శాండీ ఆ రాత్రి వేరు వాహనమున వచ్చుటచే తప్పించుకొనెను. జూలై నెలలో రికార్డు వెలువడెను. దాని అట్టమీది చిత్రములో శాండీ తల్లిదండ్రులు తమ తోటవాకిట నిలిచియుందురు. వెనుక కంచె సందులనుండి బృందమువారు కనబడుదురు. వారిలో మార్టిన్ కూడ నున్నాడు.

ఇక విడిపోవుటయా, కొనసాగుటయా? వారు కొనసాగ నిశ్చయించిరి, కాని మార్టినుతో వాయించిన పాతపాటలను మరల వాయింపవలదనుకొనిరి. మరి ఏమి వాయింపవలెను? అమెరికాలో 'ది బ్యాండ్' అను బృందము 1968 లో తమ నేల పాటలను ఆధారము చేసికొని ఒక రికార్డు చేసియుండెను. దానిని విన్నవారికి, అమెరికా పాట అమెరికావారే చక్కగ పాడుదురనియు, తమకును ఒక నేల కలదనియు తోచినది.

ఆ వేసవిలో వారు వించెస్టరు చేరువనున్న ఫార్లీ చేంబర్లేను గ్రామమున ఒక పాతయిల్లు తీసికొని యందరును కలిసి నివసించిరి. స్వార్బ్రిక్ బృందములో చేరెను. డ్రమ్ములకు నృత్యశాలల వాద్యబృందములలో ఆరితేరిన డేవ్ మాటక్సు వచ్చెను. గాయములు మానుచున్న హచింగ్సు లండనులోని సెసిల్ షార్పు భవనమునకు పోయి, అచ్చటి గ్రంథాలయములో పాటలను వెదకసాగెను.

ఈ షార్పు ఎవరో చెప్పక విడువరాదు. ఆయన పాఠశాలలో సంగీతోపాధ్యాయుడు. 1903 లో సోమర్సెట్టు సీమలోని యొక పాదిరిగారి తోటలో తోటమాలి పని చేసికొనుచు పాడిన పాటను విని, దానిని స్వరములతో వ్రాసికొనెను. అది మొదలు పల్లెపల్లె తిరిగి, అమెరికా కొండలలోని వలసవారి యొద్దకును పోయి, దాదాపు 5,000 రాగములను సేకరించెను. ఆ తోటమాలివంటి వృద్ధులు గతించియుండిరి. పాటలు మాత్రము కాగితములపై నిలిచియుండెను. ఒక ఉపాధ్యాయుని నోటుపుస్తకములకు ఇంతకంటె మేలైన వినియోగమును నేనెరుగను.

ఆ శ్రమఫలమగు 'లీజ్ అండ్ లీఫ్' అను రికార్డు 1969 డిసెంబరులో వెలువడినది. అందలి గాథలన్నియు పిల్లలకు చెప్పదగినవి కావు. చెప్పదగినది స్కాట్లండు గాథయగు 'టామ్ లిన్'. ఒక యువకుని యక్షిణులరాణి బంధించియుండును. అతడు చేతులలోనే పాముగాను సింహముగాను మారుచున్నను జానెట్ అను కన్య విడువక పట్టుకొని యతనిని రక్షించును. గిటారులు, డ్రమ్ములు ఆ పట్టును ఒత్తి చెప్పుచుండగా శాండీ ఏమాత్రము తొందరపడక కథ చెప్పును. విద్యుద్వాద్యములు పల్లెపాటను చెరచునని విసుగుకొన్న వారు లేకపోలేదు. నాకు మాత్రము మాట యొక్కటియైనను మరుగుపడినట్లు తోచలేదు. 2006 లో బి.బి.సి. రేడియో శ్రోతలు జానపదసంగీతమున అత్యధిక ప్రభావము కలిగిన రికార్డుగా దీనినే ఎన్నుకొనిరి.

అయితే అది వెలువడకమునుపే హచింగ్సును శాండీయును వేరుపడిరి. థామ్సను 1971 లో వెడలెను. శాండీ 1978 లో ముప్పదియొక్క యేండ్ల ప్రాయమున మరణించెను. 1979 ఆగస్టు 4 వ తేదిని ఆక్సుఫర్డు సీమలోని క్రాప్రెడీ గ్రామమున బృందమువారు వీడ్కోలు కచేరి చేసిరి. వీడ్కోలు నిలువలేదు, మరుసటి యేట మరల కూడిరి. అప్పటినుండి దాదాపు ప్రతి వేసవియందును అచ్చట ఉత్సవము జరుగుచున్నది. దాని కడపటి పాట 'మీట్ ఆన్ ద లెడ్జ్'. థామ్సను ఇరువదేండ్లు నిండకమునుపు వ్రాసిన పాట యిది. వేలకొలది జనులు ఆ పొలములో నిలుచుండి గొంతు కలిపెదరు. 1968 లో దానిని మొదట రికార్డు చేసినపుడు డ్రమ్ములు వాయించినవాడు మార్టిన్ లాంబుల్.