కోతి నాలుకకు అందని చేదు

అడవిలో కోతి కొరికిన కాయను మనిషి కూడా నిర్భయంగా తినవచ్చునని భావించేవారు నేటికీ ఉన్నారు. ఈ భావన ప్రమాదకరం. ఒక పదార్థం చేదుగా తోచడమన్నది ఆ పదార్థంపైనే గాక, దానిని రుచి చూసే నాలుకలోని ప్రోటీన్లపైన కూడా ఆధారపడి ఉంటుంది. ఈ ప్రోటీన్లు మనిషిలో ఒక తీరుగా, చింపాంజీలో మరో తీరుగా, ఆకులు మేసే కోతుల్లో ఇంకో తీరుగా ఉన్నాయని శాస్త్రవేత్తలు నిర్ధారించారు.

విషానికి కాపలాదారు

మొక్కలు పురుగుల నుంచి, పశువుల నుంచి తమను కాపాడుకునేందుకు పలు విషపదార్థాలను తయారు చేసుకుంటాయి. వీటిలో అనేకం చేదుగా ఉంటాయి. నాలుకపై గల రుచి కణాల పైపొరలోని 'టీఏఎస్2ఆర్' అనే ప్రోటీన్లు వాటిని పసిగట్టి మెదడుకు సంకేతం పంపుతాయి. వీటినే చేదు గ్రాహకాలు అంటారు. 2000 సంవత్సరంలో అమెరికాలోని చార్లెస్ జూకర్, నికోలస్ రైబా బృందాలు ఈ ప్రోటీన్ల కుటుంబాన్ని వెలుగులోకి తెచ్చాయి.

మనిషిలో ఇటువంటి గ్రాహకాలు సుమారు 25 పనిచేస్తున్నాయి. మరో 11 జన్యువులు కాలక్రమంలో చెడిపోయి మూగబోయాయి. ఉన్న కొద్దిపాటి గ్రాహకాలే వందలాది చేదు పదార్థాలను గుర్తించగలగడం విశేషం. మన అడవుల్లో పెరిగే ముష్టి చెట్టు గింజల్లో స్ట్రిక్నిన్ అనే ప్రాణాంతక విషం ఉంది. దీనిని 46వ నంబరు గ్రాహకం గుర్తిస్తుంది. ఆ విషం గ్రాహకంలో ఇమిడిన తీరును 2022లో చైనా శాస్త్రవేత్తలు అణుస్థాయిలో చిత్రించగలిగారు.

ఒకరికి చేదు.. ఒకరికి చప్పన

మనుషులందరికీ చేదు ఒకేలా తెలియదన్న సంగతి యాదృచ్ఛికంగా బయటపడింది. 1931లో అమెరికాలోని డ్యుపాంట్ సంస్థ రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ ఫాక్స్ ప్రయోగశాలలో 'పీటీసీ' అనే పొడి గాలికి లేచింది. పక్కనున్న సహచరుడు నోరంతా చేదైందని చెప్పగా, ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఈ తేడాకు 38వ నంబరు గ్రాహక జన్యువు కారణమని 2003లో డెన్నిస్ డ్రేనా బృందం తేల్చింది. ఆ ప్రోటీన్‌లో మూడు చోట్ల అమైనో ఆమ్లాలు మారడమే ఇందుకు ప్రధాన కారణం. అయితే పీటీసీ చేదు తెలియనివారికి క్వినైన్ చేదు తెలుస్తుంది. దానిని గుర్తించే గ్రాహకాలు వేరు.

చింపాంజీది వేరే దారి

1939లో ఫిషర్, ఫోర్డ్, హక్స్‌లీ అనే ముగ్గురు బ్రిటన్ శాస్త్రవేత్తలు జంతు ప్రదర్శనశాలల్లోని చింపాంజీలకు పీటీసీ ద్రావణం రుచి చూపించారు. వాటిలోనూ కొన్నింటికి చేదు తెలిసింది, కొన్నింటికి తెలియలేదు. ఈ తేడా మనిషికి, చింపాంజీకి ఉమ్మడి పూర్వీకుల నుంచే సంక్రమించి ఉంటుందని వారు భావించారు. 2006లో వెలువడిన జన్యు పరిశోధన ఈ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. చింపాంజీల్లో ప్రోటీన్ తయారీకి నాంది పలికే జన్యు సంకేతమే చెడిపోయింది. అంటే ఫలితం ఒకటే అయినా, రెండు జాతులూ వేర్వేరు దారుల్లో అక్కడికి చేరాయన్నమాట.

జపాన్‌లోని కీ ద్వీపకల్పంలో నివసించే కోతుల్లో కొన్నింటికి కూడా ఇదే గ్రాహకం పనిచేయడం లేదని 2010లో వెల్లడైంది. ప్రధానంగా ఆకులు తిని బతికే కోలోబస్ ఉపకుటుంబపు కోతులకు పీటీసీ చేదు అంతగా తెలియదని 2017లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. మన కొండముచ్చు కూడా ఈ ఉపకుటుంబానికి చెందినదే. వీటి జీర్ణాశయం పలు గదులుగా ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు ఆకుల్లోని కొన్ని విషాలను విరిచివేయగలవు. మనిషికి ఆ వసతి లేదు.

హెచ్చరికే గాని తీర్పు కాదు

చేదైనదల్లా విషం కాదు. కాకర, మెంతి మన నిత్యాహారంలో ఉన్నవే. టాంజానియాలోని మహలే పర్వతాల్లో జబ్బుపడిన చింపాంజీ వెర్నోనియా అనే చేదు మొక్క కాండాన్ని నమిలి రసం మింగడాన్ని 1987లో మైఖేల్ హఫ్‌మన్ నమోదు చేశారు. ఇక, విషాలన్నీ చేదుగానూ ఉండవు.

అయినా అలవాటైన ఆహారంలో అనుకోని చేదు తగిలితే నాలుక మాట వినడం శ్రేయస్కరం. సాధారణంగా చేదు లేని సొరకాయలో ఒక్కోసారి కుకుర్బిటసిన్లు అనే విషాలు పెరుగుతాయి. అటువంటి కాయ రసం తాగి మన దేశంలో కొందరు మరణించారు. చేదుగా ఉన్న సొరకాయ రసాన్ని తాగరాదని, వెంటనే పారబోయాలని భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల బృందం సూచించింది. తాగిన తర్వాత వాంతులు, కడుపునొప్పి కనిపిస్తే ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్లాలి.

కోతి తిన్నదంటే అది దాని నాలుకకు, దాని కడుపునకు సరిపడిందని మాత్రమే అర్థం. మనిషికి అది కొలమానం కాజాలదు.