అధ్యాపక మిత్రులారా, ముందు అడగండి, తర్వాత చెప్పండి

చంద్రపూర్, బల్లార్‌పూర్ ప్రాంతాల్లో మన పిల్లలు చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కాలేజీ పుస్తకంలో ఇంగ్లీషు. అర్థం కాకపోయినా లేచి అడగడానికి జంకుతారు. ట్రస్టు ఫీజు కట్టగలదు కానీ, ఆ జంకు పోగొట్టగలిగేది అధ్యాపకులే.

కామర్స్‌లో బ్యాంక్ రీకన్సిలియేషన్ పాఠమే తీసుకోండి. నిర్వచనం చెప్పకముందే ఒక పాస్‌బుక్ చూపించండి. "బ్యాంకులో వేసిన 1,000 రూపాయలు మన క్యాష్‌బుక్‌లో డెబిట్, పాస్‌బుక్‌లో క్రెడిట్. ఎందుకు?" అని అడగండి. బి.కాం. పాసై బ్యాంకులో చేరినవారు కూడా ఈ ప్రశ్నకు తడుముకోవడం నేను చూశాను.

రెండు నిమిషాలు పక్కవారితో ఏ భాషలోనైనా మాట్లాడుకోనివ్వండి. తప్పు జవాబునూ బోర్డు మీద రాయండి. ఎక్కడ పొరబడ్డారో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత విడమరచి చెప్పండి: ఆ సొమ్ము మనకు ఆస్తి, బ్యాంకుకు మనకు తీర్చవలసిన బాకీ. ఇంగ్లీషు పదాలు చివర రాయించండి.

గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు, అర్థంకానిది ఒక్కటి పేరు లేకుండా చీటీ మీద రాయమనండి. మరునాటి పాఠం ఆ చీటీలతోనే మొదలుపెట్టండి. పదిమందిలో నోరు విప్పలేని పిల్లవాడు చీటీలో తప్పక అడుగుతాడు.