ఫ్యాక్టరీలో తయారగు ఇల్లు: గ్రామమున కెంతవరకు ఉపయోగము?

హైదరాబాదు నుండి వరంగల్లునకు పోవు జాతీయ రహదారి మీద రఘునాథపల్లి ఉన్నది. ఈ త్రోవన సిమెంటు, ఇనుము, ఇటుకలు లారీలపై వచ్చుట మనకు క్రొత్త కాదు. కాని తలుపులు, కిటికీలు, విద్యుత్తు తీగలతో సహా గదులనే ఫ్యాక్టరీలో సిద్ధము చేసి, లారీపై తెచ్చి, క్రేనుతో దింపి నిలుపు పద్ధతి ఇటీవల వ్యాప్తిలోనికి వచ్చినది. "ఇన్ని నెలల శ్రమ యెందుకు? సిద్ధముగానున్న ఇల్లు తెచ్చుకొనరాదా?" అని ఇల్లు కట్టదలచినవారు పంచాయతీ సభ్యుల నడుగుట సహజము. పాత ఇల్లు విప్పిన పిదప పొరపాటు తెలిసికొన్నచో, ఆ కుటుంబము వానకాలమంతయు ఆరుబయట గడపవలసివచ్చును. కావున సభ్యులు ముందుగనే ఈ పద్ధతుల మంచిచెడ్డలు తెలిసికొనుట అవసరము.

మూడు పద్ధతులు

మొదటిది మనకు తెలిసినదే. పునాది త్రవ్వి, గోడలు లేపి, స్లాబు వేయువరకు సమస్తమును స్థలములోనే జరుగును. రెండవ పద్ధతిలో గోడ పలకలను, కప్పు పలకలను ఫ్యాక్టరీలో పోతపోసి, స్థలములో కూర్తురు. మూడవ పద్ధతిలో గది గదియే తయారై వచ్చును. ఏ పద్ధతియైనను పునాది మాత్రము మన నేలమీదనే వేయవలెను. ఆ ఖర్చు తప్పదు.

ఈ ప్రయత్నములు మన దేశమునకు క్రొత్తవి కావు. దేశ విభజన వలన వచ్చిన కాందిశీకులకు ఇండ్లు సమకూర్చుటకై 1948లో ఢిల్లీలో ప్రభుత్వ గృహనిర్మాణ కర్మాగారము నెలకొల్పబడినది. మొదట తయారైన పలకలు ఆశించిన గట్టిదనము చూపలేదు. ఇండ్లు తలచినంత చౌకగా రాలేదు. తరువాతి కాలములో ఆ సంస్థ విద్యుత్తు స్తంభములు, రైలు పట్టాల క్రింది స్లీపర్ల వంటి వస్తువుల తయారీలో రాణించినది. 2021 జనవరి 1న కేంద్ర ప్రభుత్వము ఆరు నగరములలో క్రొత్త పద్ధతుల గృహనిర్మాణమునకు శంకుస్థాపన చేసినది. వానిలో చెన్నైలో కాంక్రీటు పలకల పద్ధతిని, రాంచీలో గదులనే పోతపోయు పద్ధతిని అవలంబించిరి. అవి ఒక్కచోటనే వందలకొలది ఇండ్లు గల బహుళ అంతస్తుల భవనములు. ఒకే అచ్చుతో అనేక గృహములు తయారైనపుడు అచ్చు ఖర్చు అన్నింటికిని పంచబడును. ఊరిలో ఒంటరిగా కట్టుకొను ఒక్క ఇంటికి ఆ సౌలభ్యము లేదు.

అసలు లాభము కాలము

ఫ్యాక్టరీ ఇంటి ముఖ్యలాభము ధరలో లేదు, కాలములో ఉన్నది. స్థలములో పునాది ఆరుచుండగనే అచ్చట గదులు తయారగుచుండును. స్లాబు క్రింది ఊతములు విప్పుటకు వేచియుండ నక్కరలేదు. గోడలు తడుపుటకు నీరును కావలసినంత ఉండదు. అవసరమైనచో కొన్నింటిని విప్పి మరియొకచోటికి తరలింపవచ్చును.

పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదే దీనికి మంచి ఉదాహరణము. 2024లో ములుగు జిల్లా కన్నాయిగూడెం మండలము బంగారుపల్లిలో కంటైనరు బడి ప్రారంభమైనది. అటవీ ప్రాంతమగుటచే అచట శాశ్వత భవనమునకు అనుమతి లభింపలేదు. పిల్లల చదువు ఆగరాదు. అట్టి చోట ఈ పద్ధతి నిజముగా అక్కరకు వచ్చినది. వరదలో ఇండ్లు కూలినపుడును, ఆరోగ్య ఉపకేంద్రము వెంటనే కావలసినపుడును ఇట్లే ఉపయోగపడును.

సొంత ఇంటి లెక్క

సొంత స్థలములో ఇల్లు కట్టుకొను కుటుంబము లెక్క వేరు. 2024 మార్చి 11న భద్రాచలములో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము క్రింద 5 లక్షల రూపాయల సహాయము నిర్ణయింపబడినది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు. 40 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల కంటైనరు 320 చదరపు అడుగులే. అనగా ఒక పెట్టె చాలదు. అంతకన్న వెడల్పైన గది మామూలు లారీపై రాదు. మరియు సహాయధనము పునాది, గోడలు, కప్పు, పూర్తి అను దశల ననుసరించి వచ్చును. ఫ్యాక్టరీవారు సాధారణముగా సొమ్ములో పెద్దభాగము ముందే కోరుదురు. ఈ నడుమ అప్పు చేసినవాని వడ్డీ ఎవరు భరింతురు?

ఇంకొక మాట. ఇటుక ఇల్లు కట్టినపుడు మేస్త్రీకి, కూలీలకు, వడ్రంగికి ఇచ్చు సొమ్ము ఊరిలోనే తిరుగును. రేపు గోడ బీటవారినను బాగుచేయువాడు పొరుగుననే ఉండును. ఖర్చు తగ్గింపదలచినవారికి ఇటుకలను అంచుమీద నిలిపి, నడుమ ఖాళీ వదలి కట్టు పద్ధతి కలదు. దానివలన ఇటుకలలో సుమారు నాలుగవవంతు మిగులును. హైదరాబాదు రాజేంద్రనగరములోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో ఇట్టి తక్కువ ఖర్చు గృహముల నమూనాలను చూడవచ్చును.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

ఎవరైన ఫ్యాక్టరీ ఇల్లు తెచ్చుకొనదలచినచో, బయానా ఇచ్చుటకు ముందే ఈ విషయములు విచారింపుడు.

1. లారీయు, క్రేనును ఆ వీధిలో తిరుగగలవా? విద్యుత్తు తీగలు అడ్డు రావా?

2. గోడ రేకుల నడుమ నింపిన పదార్థమేది? రాక్‌వూల్ మండదు. కొన్ని రకముల నురుగు నిప్పంటుకొనును. తగిన పొర లేనిచో మే నెల ఎండకు ఇనుప గది కొలిమి యగును.

3. అతుకులలో వాన నీరు దిగినచో ఎవరు బాగుచేయుదురు? ఎన్నేండ్ల పూచీ వ్రాసి యిత్తురు?

4. ప్రభుత్వ సహాయము కోరువారైనచో, గృహనిర్మాణ ఇంజనీరు ఆ ఇంటిని అంగీకరించెనా?

5. గ్రామ పంచాయతీ అనుమతి తీసికొనిరా? ఫ్యాక్టరీలో తయారైనంత మాత్రమున అనుమతి అక్కరలేదనుట పొరపాటు.

క్రొత్తదని దేనిని త్రోసివేయరాదు, క్రొత్తదని దేనిని నెత్తి కెత్తుకొనరాదు. త్వరగా కావలసినదానికి, కదలింపవలసినదానికి ఫ్యాక్టరీ గది మేలు. తరతరములు నిలువవలసిన కాపురమునకు, సొమ్ము కొద్దికొద్దిగా చేతికందు కుటుంబమునకు, మన మేస్త్రీ చేతి ఇల్లే నేటికిని ఆధారము. ఈ భేదమును విప్పి చెప్పి, సమాధానములన్నియు చేతికందువరకు పాత ఇంటి కప్పుపై చేయి వేయనీయకుండుట పంచాయతీ సభ్యుల బాధ్యత.